కుంటలో పడిన బిడ్డకు ముందు ఊపిరి కావాలి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. చీనీ తోట ఉంది, తోటలో షీటు పరిచిన నీళ్ళ కుంట ఉంది. పోయిన ఎండాకాలం పక్క తోటోళ్ళ పిల్లోడు, పదకొండేండ్లోడు, వాళ్ళ కుంటలో కాలు జారి పడినాడు. కేకలు విని మేం పోయి బయటికి లాగేసరికి ఊపిరి ఆడడం లేదు. ఒకరు కాళ్ళు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పినారు. ఇంకొకరు బోర్లా పండబెట్టి కడుపు నొక్కినారు. నీళ్ళు, తిన్న అన్నం బయటికొచ్చినాయి గానీ ఊపిరి రాలేదు. ఆటోలో ఏసుకుని ఆస్పత్రికి పోతే అప్పటికే ప్రాణం పోయిందన్నారు. ఆ రాత్రే ఎవరో ఫోన్లో వీడియో చూపించి, ఉప్పులో పూడ్చిపెట్టింటే లేచి కూర్చునేవాడు అన్నారు. అది విన్నప్పట్నుంచి వాళ్ళమ్మకు నిద్ర లేదు, నాకూ లేదు. మేం ఏం చేసింటే బతికేవాడు? నాకూ ఇద్దరు మగపిల్లలు. చిన్నోడికి ఫిట్స్ ఉంది, మాత్రలు వాడుతున్నాం. కుంట పూడిస్తే తోట ఎండిపోతాది. పిల్లోళ్ళకు ఈత నేర్పించాల్నా, నీళ్ళ దగ్గరికే పోనీకూడదా?

జవాబు: ముందు ఉప్పు సంగతి తేల్చేద్దాం, ఆ తల్లిని తినేస్తున్నది అదే కాబట్టి. ఉప్పులో పెట్టనందువల్ల ఆ బిడ్డకు పోయిందేమీ లేదు. ఈ మాట ఆమెకు మీరే వెళ్ళి చెప్పండి. ఉప్పు ఒంట్లో చేరిన నీళ్ళన్నీ లాగేస్తుందని ఆ వీడియోల వాదన. చర్మం మీద పోసిన ఉప్పు ఊపిరితిత్తుల్లోని నీళ్ళను లాగలేదు. లాగినా లాభం లేదు. కుంట, కాలువ, బావి నీళ్ళు మంచినీళ్ళు. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన మంచినీళ్ళు కొద్ది నిమిషాల్లోనే రక్తంలోకి ఇంకిపోతాయి. లాగడానికి అక్కడ పెద్దగా మిగిలి కూడా ఉండవు. ఈ వీడియోలు పంచేవాళ్ళు ఏ పాపం ఎరగరనుకోవచ్చు గానీ, ఉప్పు మూటల కోసం పరుగెత్తిన ఊళ్ళో సీపీఆర్, అంటే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కడం, మొదలుపెట్టేవాడు ఎవడూ మిగలడు. దాని నష్టం అక్కడుంది.

అసలు మునిగినప్పుడు జరిగేది ఇది. నీటి అడుగున మనిషి మొదట ఊపిరి బిగబడతాడు. బిగబట్టగలిగేది ఎంతోసేపు కాదు, భయంలో అయితే ఒక నిమిషం కూడా కష్టం. ఆపుకోలేక పీల్చినప్పుడు కాస్త నీరు గొంతులోకి పోతుంది, దగ్గు వస్తుంది, ఇంకాస్త నీరు పోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి స్పృహ తప్పుతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. గుండె మొదట వేగంగా కొట్టుకుని, తర్వాత నెమ్మదించి, చివరికి ఆగుతుంది. ఇదంతా కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే నీరు మనం ఊహించుకునేంత ఉండదు. చాలామందిలో అది ఒంటి బరువు కిలోకు 4 మిల్లీలీటర్లు కూడా దాటదు. 30 కిలోల పిల్లవాడికి లెక్కేస్తే అర గ్లాసు నీళ్ళు. కానీ ఆ అర గ్లాసు చాలు, గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పల్చటి పొరను పాడుచేయడానికి. ఆ పొర పోయాక గదులు మూతపడతాయి, రక్తానికి ఆక్సిజన్ అందదు. ప్రాణం తీసేది గాలి అందకపోవడం. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే గట్టు మీద ఏం చేయాలో, ఏం చేయకూడదో దానంతటదే తెలుస్తుంది.

కడుపు నొక్కితే వచ్చిన నీళ్ళు ఎక్కడివో కూడా చెప్పాలి. అవి మింగిన నీళ్ళు, పొట్టలోవి. వాటితో పాటు అన్నం వచ్చిందని మీరే రాశారు. స్పృహ లేని పిల్లవాడికి గొంతు మూసుకునే శక్తి ఉండదు. పొట్టలోంచి పైకి వచ్చిన అన్నం అక్కడినుంచి గాలి గొట్టంలోకి దిగుతుంది. కాళ్ళు పట్టి తిప్పినా, నెత్తిన ఎత్తుకుని కుదిపినా, ట్రాక్టర్ టైరు మీద బోర్లా వేసి దొర్లించినా ఇదే జరుగుతుంది. పైగా ఒక్కో ప్రయత్నానికి ఒకటి రెండు నిమిషాలు పోతాయి. మన పల్లెల్లో తాతల కాలం నుంచీ చేస్తున్నది ఇదే, చేసినవాళ్ళు ప్రేమతోనే చేశారు. మీ ఊరివాళ్ళనూ తప్పుపట్టే పని లేదు. ఇకమీదట మాత్రం వద్దు.

బతికేవాడా అన్న మీ ప్రశ్నకు నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే. అది ఎంతసేపు నీటి కింద ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆ సంగతి మీ ఉత్తరంలో లేదు. అయిదు నిమిషాల లోపు బయటికి తీసి వెంటనే ఊపిరి అందిస్తే ఎక్కువ మంది బాగా కోలుకుంటారు. పది నిమిషాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. 25 దాటాక బతికి బట్టకట్టడం చాలా అరుదు. గడ్డకట్టే చలినీళ్ళలో అరగంట తర్వాత బతికిన పిల్లల కథలు మీరు వినివుంటారు. అవి మంచు దేశాల సంగతులు, మన ఎండాకాలపు కుంటకు వర్తించవు. కేకలు వినపడి, మీరు పరుగెత్తి, లాగేసరికి ఎంతసేపైందో గట్టు మీద ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకే లెక్కలు వేసుకుంటూ నిలబడకుండా మొదలుపెట్టేయాలి.

ఎలాగంటే, పిల్లవాణ్ణి కుంట వాలు మీద కాకుండా చదునైన గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. వాలు మీద పడుకోబెట్టక తప్పకపోతే గట్టుకు అడ్డంగా, తల, కాళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి. ఒక చెయ్యి నుదుటి మీద పెట్టి, ఇంకో చేతి రెండు వేళ్ళతో గడ్డం ఎముకను పైకెత్తండి. గొంతు కింద మెత్తటి చోట నొక్కొద్దు. ఛాతీ కదులుతోందా అని పది సెకన్లకు మించకుండా చూడండి. ఉండుండి నోరు తెరిచి ఎగపీల్చినట్టు చేస్తుంటే అది ఊపిరి కాదు, ఆగిపోతున్న లక్షణం.

ఊపిరి లేదని తేలితే ముక్కు రంధ్రాలు వేళ్ళతో మూసి, మీ నోటితో అతని నోటిని పూర్తిగా కప్పి ఊదండి. ఒక్కో ఊదు ఒక సెకను, ఛాతీ కొంచెం లేచేంత. అంతకంటే గట్టిగా ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతి తెస్తుంది. ఛాతీ లేవకపోతే గడ్డం మళ్ళీ సరిచేసి ఊదండి. ఇలా అయిదు. కొన్ని శిక్షణల్లో రెండు అని నేర్పుతారు. అయిదైనా రెండైనా ముందు ఊపిరి, తర్వాతే ఛాతీ. నోట్లోంచి తెల్లటి నురగ వస్తూనే ఉంటుంది. దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు, నురగ మీదే ఊదండి.

అప్పటికీ కదలిక, దగ్గు, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి నొక్కండి. పదకొండేళ్ళ పిల్లవాడికి ఛాతీ మందంలో మూడోవంతు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు దిగాలి. బలం చాలకపోతే రెండు చేతులూ వాడండి. పెద్దవాళ్ళకు రెండు చేతులతో 5 నుంచి 6. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్ళీ 30, మళ్ళీ 2. ఇది చేసేవాడు రెండు నిమిషాలకే అలసిపోతాడు, వేగం ఉన్నా లోతు తగ్గిపోతుంది. అందుకే రెండేసి నిమిషాలకు మనిషి మారాలి. వాంతి అయితే ఒళ్ళంతా ఒకేసారి పక్కకు దొర్లించి, వేలితో నోరు శుభ్రం చేసి, వెల్లకిలా తిప్పి కొనసాగించండి. సీపీఆర్ జరుగుతుంటే వాంతి రావడం మామూలే, భయపడి ఆపొద్దు.

ఇక్కడొక తిరకాసు ఉంది. బడుల్లో, ఆఫీసుల్లో ఈమధ్య నేర్పుతున్నది ఎక్కువగా చేతులతో ఛాతీ నొక్కడం మాత్రమే. నడిరోడ్డు మీద గుండె ఆగి కూలిపోయిన మనిషికి అది సరిపోతుంది, అతని రక్తంలో ఇంకా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది కాబట్టి. మునిగినవాడి రక్తంలో ఆక్సిజన్ అప్పటికే అయిపోయి ఉంటుంది. ఊదకుండా ఛాతీ నొక్కడం అంటే బోరులో నీళ్ళు లేకుండా మోటారు ఆడించినట్టే. నోటితో ఊదడానికి నిజంగా మనసొప్పకపోతే నొక్కడమైనా చేయండి, ఏమీ చేయకపోవడం కంటే నయం.

ఆటోలో ముడిచి కూర్చోబెట్టుకుని పోవడం మాత్రం వద్దు. ఆ దారి పొడుగునా ఊపిరీ ఉండదు, నొక్కడమూ ఉండదు. 108 వచ్చేదాకా అక్కడే కొనసాగించండి. బండి రావడానికి దారే లేని చోటైతే, వెనక తొట్టి ఉన్న వాహనంలో వెల్లకిలా పడుకోబెట్టి, ఇద్దరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆపకుండా చేస్తూ ఎదురు వెళ్ళండి. ఊపిరి తిరిగి వస్తే పక్కకు తిప్పి, తడి బట్టలు తీసి, పొడి దుప్పటి కప్పండి. ఎండాకాలంలోనూ నీటిలో పడ్డవాడి ఒళ్ళు చల్లబడుతుంది. నీళ్ళు, టీ ఏమీ తాగించొద్దు. లేచి కూర్చుని మాట్లాడినా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఊపిరితిత్తుల్లో ఇబ్బంది మొదటి కొన్ని గంటల్లో ముదిరే అవకాశం ఉంది, మొదటి ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన తేలిపోయినట్టు కాదు. అక్కడ చేసేది ప్రధానంగా ఆక్సిజన్, అవసరమైతే ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం. 'నీళ్ళు గుంజే సూది' వేయమని డాక్టర్లను ఒత్తిడి చేయకండి, దాని పని అది కాదు. దగ్గు, ఆయాసం లేకుండా, ఆక్సిజన్ సరిగ్గా ఉండి ఎనిమిది గంటలు గడిస్తే ఇంటికి పంపుతారు. హాయిగా ఆడుకుంటున్న పిల్లవాడు నీళ్ళు మింగిన వారానికి హఠాత్తుగా చనిపోతాడని తిరిగే వాట్సాప్ మెసేజీలను మాత్రం పట్టించుకోకండి.

ఇక మీ కుంట. మట్టి కుంటకంటే షీటు కుంట ఎందుకు ప్రమాదమో గమనించండి. షీటు నీళ్ళు తగిలిన చోట పాచి పడుతుంది. గట్టు నుంచి ఒక్క అడుగు వేస్తే వాలు మొదలు, నాలుగడుగుల్లో తల మునిగే లోతు. పడినవాడు చెయ్యి వేస్తే జారుతుంది, కాలు ఆనిస్తే జారుతుంది. ఈత వచ్చిన పెద్దమనిషి కూడా వాలు ఎక్కలేక, అలసిపోయి మునుగుతాడు. అన్న పడితే తమ్ముడు, తమ్ముడి కోసం తండ్రి దిగి ముగ్గురూ పోయిన వార్తలు మీరు చదివే ఉంటారు. దానికి కారణం ఈ వాలే.

కుంట పూడ్చనక్కర్లేదు. రెండు పనులు చేయండి: లోపలికి పోకుండా కంచె, పడితే ఎక్కడానికి పట్టు. కంచె నాలుగడుగుల ఎత్తుకు తగ్గకూడదు, అడుగున నాలుగు అంగుళాల సందు కూడా ఉండకూడదు. ఇనుప జాలీ అయితే మంచిది. కంప కొట్టడం కంటికి కంచెలా కనిపిస్తుంది గానీ ఏడాదికి ఎండి, మేకలు దూరేంత సందులు పడతాయి. మేక దూరిన చోట పిల్లవాడూ దూరతాడు. గేటు బయటివైపు తెరుచుకుని, దానంతటదే మూసుకోవాలి. గొళ్ళెం పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. మోటారు వేయడానికి రోజూ వెళ్ళేవాళ్ళు గేటును రాయి పెట్టి తెరిచి ఉంచుతారు, ఆ అలవాటు మాన్పించడమే కంచె కట్టడం కంటే కష్టం.

పట్టు కోసం నాలుగు వైపులా గట్టు మీద రెండడుగుల లోతున ఇనుప గూటాలు పాతి, ఒక్కోదానికి మందపాటి నైలాన్ మోకు కట్టి నీళ్ళ అడుగుదాకా వదలండి. మోకుకు అడుగుకొక ముడి వేయాలి. తడి చేతికి నున్నటి తాడు జారుతుంది, ముడి ఉంటే ఆగుతుంది. పాత బైకు టైర్లను వరసగా తాడుతో కట్టి వాలు మీద పరిస్తే మెట్లలా కాలు ఆనుతుంది. షీటు చిరగకుండా టైర్లలో పొడుచుకొచ్చిన తీగలు చూసుకోండి. గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు ఒకటి, దానికి కుంట వెడల్పు ఉన్నంత తాడు కట్టి, గేటు పక్కనే తగిలించండి. పనికోసం ఎవరూ దాన్ని తీసుకుపోకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.

పడినవాణ్ణి తీయడానికీ ఇవే. మునిగేవాడు సినిమాలో లాగా చేతులు ఊపి అరవడు. నోరు నీటికి పైన ఉన్న కాసేపూ ఊపిరి పీల్చుకోవడానికే సరిపోతుంది. నిటారుగా నిలబడి, తల వెనక్కి వాల్చి, నీటిని చేతులతో కిందికి అదుముతూ, చప్పుడు లేకుండా నిమిషం లోపే దిగిపోతాడు. అందుకే పిల్లలు కుంటలో ఉన్నట్టుండి నిశ్శబ్దం అయితే వెంటనే చూడాలి. ఈత వచ్చినా మీరు దూకకండి. గట్టు మీద బోర్లా పడుకుని, ఒకరు మీ కాళ్ళు పట్టుకుంటే, కర్రో పంచో చీరో అందించండి. అందకపోతే ట్యూబు విసరండి. ఏమీ లేకపోతే మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల క్యాన్. అందులో గుక్కెడు నీళ్ళుంటే దూరం పోతుంది, పూర్తిగా ఖాళీ అయితే గాలికి పక్కకు కొట్టుకుపోతుంది.

కర్నూలు, కడప వైపు పాఠకులు కేసీ కాలువ గురించి అడుగుతుంటారు. సిమెంటు లైనింగ్ ఉన్న కాలువకు పైన చెప్పిన వాలు ప్రమాదంతో పాటు లాగే నీళ్ళు కూడా. ప్రవాహానికి ఎదురీదకుండా, వెల్లకిలా, కాళ్ళు ముందుకు పెట్టి తేలుతూ, మెట్లో వంతెనో వచ్చేదాకా ఒడ్డుకు ఏటవాలుగా జరగడమే దారి.

ఈత నేర్పించాలా అంటే, తప్పకుండా నేర్పించండి. మన జిల్లాలో ఇది ఇంకా అవసరం. ఒకప్పుడు ప్రతి పల్లెలో బావి ఉండేది, వీపుకు బెండ్లు కట్టుకుని పిల్లలందరూ అందులోనే ఈత నేర్చేవాళ్ళు. బోర్లు వచ్చాక బావులు ఎండిపోయాయి, ఈత పోయింది. ఇప్పుడు హంద్రీ–నీవా కాలువలో శ్రీశైలం నీళ్ళు జీడిపల్లి జలాశయానికి వస్తున్నాయి, చెరువులు నిండుతున్నాయి, తోటకొక కుంట తయారైంది. నీళ్ళు వచ్చిన తరానికి ఈత రాదు. ఆరేళ్ళు నిండిన పిల్లలకు నేర్పవచ్చు. నాలుగు రకాల ఈతలు అక్కర్లేదు. అనుకోకుండా నీళ్ళలో పడి, పైకి వచ్చి, వెల్లకిలా కొన్ని నిమిషాలు తేలి, 25 మీటర్లు ఎలాగోలా పోగలిగితే చాలు. నేర్చుకునేది మాత్రం షీటు కుంటలో కాదు, మెట్లున్న చోట, పక్కన పెద్దవాడు నీళ్ళలో నిలబడి ఉండగా. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారు అన్న పందేలు పెట్టనివ్వకండి. మునిగే ముందు గబగబా గట్టిగా ఊపిర్లు తీస్తే ఊపిరి కావాలన్న సూచన ఆలస్యమవుతుంది, ఆలోపే అడుగున స్పృహ తప్పుతుంది. బాగా ఈదే కుర్రాళ్ళు పోయేది ఇలాగే.

ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి కుంట కంటే దగ్గరి ప్రమాదం వాకిట్లోనే ఉంటుంది. నీళ్ళు నాలుగైదు రోజులకొకసారి వచ్చే ఊళ్ళలో డ్రమ్ములు, తొట్లు, సంపు ఎప్పుడూ నిండే ఉంటాయి. నడక నేర్చిన బిడ్డకు తల బరువెక్కువ. బకెట్లోకి వంగితే తలకిందులై పడుతుంది, తిరిగి లేవలేదు. అరడుగు నీళ్ళు చాలు. సంపుకు మూత, మూతకు తాళం, స్నానం అయ్యాక బకెట్ బోర్లించడం.

మీ చిన్నవాడి ఫిట్స్ గురించి. ఫిట్స్ ఉన్నవాళ్ళు మునిగే ప్రమాదం మామూలువాళ్ళ కంటే చాలా రెట్లు ఎక్కువ, ఈత బాగా వచ్చినవాళ్ళకైనా. అలాగని నీళ్ళ దగ్గరికే పోనీయకుండా పెంచలేరు. డాక్టరును అడిగి, కొన్ని నెలలుగా ఫిట్స్ రాకుండా ఉంటేనే ఈత మొదలుపెట్టండి. అప్పుడు కూడా చేతికందే దూరంలో ఒక పెద్దమనిషి కళ్ళు వాడి మీదే ఉండాలి. మాత్ర మరిచిన రోజు, జ్వరం ఉన్న రోజు, నిద్ర చాలని రోజు నీళ్ళలోకి దింపొద్దు. తొట్టిలో, బావిలో, కాలువలో స్నానం వద్దు, కూర్చుని మగ్గుతో పోసుకోవాలి, బాత్రూమ్ లోపల గడియ వేసుకోకూడదు. నీళ్ళలో ఉండగా ఫిట్స్ వస్తే వెనక నుంచి పట్టుకుని ముఖం నీటిపైన ఉంచండి, వణుకు తగ్గాక బయటికి తీయండి. ఊపిరి చూడండి, లేకపోతే పైన చెప్పినట్టు అయిదు ఊదులతో మొదలుపెట్టండి. ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నీళ్ళు మింగాడనిపిస్తే ఆ రోజే ఆస్పత్రిలో చూపించండి.